టీపొడి డబ్బా

ఆరున్నరకి గేటు తీసేసరికి
వసారా మెట్ల కింద ఇరవై జతల చెప్పులు.
మనుషులకంటే ముందు నేను చెప్పులే చూస్తాను.
నడిచొచ్చిందెవరో, ఆటోకి డబ్బులున్నదెవరికో
అవి దాచవు.
పీయే దాలినాయుడు కాగితాల దొంతర పెడతాడు.
ఒకరికి గుండె ఆపరేషను, ఒకరికి బదిలీ,
మాధవధార నుంచి వచ్చినాయనకి ఏమీ అక్కర్లేదు,
నా భుజమ్మీద చెయ్యేసి ఒక ఫొటో.
మొదటిసారి గెలిచినప్పుడు
ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసేవాణ్ణి సంతకం.
ఇప్పుడది ఒక వంకర గీత,
పోస్టాఫీసు ముద్రలా పడిపోతుంది.

జ్ఞానాపురం గొంప కాంతమ్మ
ఈసారి అర్జీ తేలేదు.
స్టీలు డబ్బా బల్లమీద పెట్టి మూత తీసింది.
లోపల మెత్తగా, కాటుకలాంటి పొడి.
"ఇదేటమ్మా?"
"మా కిటికీ గట్టు బాబూ. వారం రోజులది.
కాయితమైతే మీరు సదవరు.
ఇదైతే సేతికంటుకుంటాది.
అసెంబ్లీకి ఒట్టుకెల్లండి.
డబ్బా మాత్రం మల్లీ ఇచ్చీండి, టీపొడిది."

పట్టుకెళ్లలేదు.
సభలోకి అలాంటివి తేకూడదని ఒక రూలుంది,
లేకపోయినా తీసుకెళ్లేవాణ్ణి కాదేమో.
నాకిచ్చింది రెండు నిమిషాలు.
పోర్టు, బొగ్గు గుట్టలు, కప్పని టార్పాలిన్లు,
రాత్రిళ్లు పిల్లల దగ్గు, అనేలోపే గంట.
"పరిశీలనలో ఉంది అధ్యక్షా" అని అటునుంచి జవాబు.
కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు.
అటువైపు కూర్చున్న రోజుల్లో
ఆ వాక్యం నేనూ చదివాను,
అక్షరం మారలేదు.

మొన్న కంచరపాలెంలో కమ్యూనిటీ హాలు.
పళ్లెంలో పసుపు రాసిన కత్తెర, మొద్దుది, తెగదు.
చేత్తోనే తెంపాను రిబ్బను, చప్పట్లు కొట్టారు.
వెనక వరసలో ఒక ముసలాయన పక్కాయనతో
"ఈ గోడకి ఇది మూడో కొబ్బరికాయ" అంటున్నాడు.
మైకు ఆ మాటని కూడా పట్టింది.
అందరికంటే ముందు నేనే నవ్వాను,
అది కూడా నేర్చుకున్న విద్యే.

అక్కణ్ణుంచి పెదజాలరిపేట, ఒక చావు ఇంటికి.
నామీద ఓడిపోయినాయన అప్పటికే చాపమీద ఉన్నాడు.
జరిగి చోటిచ్చాడు.
పోయినవాడు ఎవరి జెండా మోశాడో
ఇద్దరం ఎత్తలేదు.
ఆ కాసేపు మేమిద్దరం
ఒకే వీధివాళ్లలా ఉన్నాం.

బయటికొస్తే చినుకులు.
ఇసుకమీద ఆరబోసిన నెత్తళ్లమీద
మైలపల్లి నూకాలు పరుగున ఏదో కప్పుతోంది.
చూద్దును గదా, నేనే!
నా పుట్టినరోజు ఫ్లెక్సీ, తలకిందులుగా,
రెండు చేతులూ జోడించి నవ్వుతూ.
ఆమె నన్ను చూసి నాలిక్కరుచుకుంది:
"తీసెత్తాను బాబూ."
"ఉంచమ్మా."
"మంచి సరుకు బాబూ, సుక్క నీరు దిగదు."
ఇన్నేళ్లలో నా ముఖానికి
ఎవరూ ఇవ్వని కితాబు అది.
కారెక్కాక కూడా బట్టలకి చేపల వాసన,
డ్రైవరు అద్దం దించబోతే వద్దన్నాను.

ఇప్పుడు రాత్రి పన్నెండు దాటింది.
సీతమ్మధారలో నా కిటికీ గట్టుమీద వేలు పెట్టి చూశాను,
శుభ్రంగా ఉంది.
గాలికి కూడా ఇళ్ల నంబర్లు తెలుసనుకుంటాను.
బొగ్గుపొడి ఒక సర్కారు కవర్లోకి ఒంపి
డబ్బా నేనే తోమాను, చాన్నాళ్లకి ఒక గిన్నె తోమాను.
పొద్దున్న కాంతమ్మ వస్తుంది.
ఇంకొకరి గిన్నె ఉత్తదిగా తిరిగివ్వకూడదని అమ్మ అనేది,
ఏమీ లేనప్పుడు
చిటికెడు పంచదారైనా వేసి పంపేది.

వంటింట్లో అల్మరాలన్నీ తెరుస్తున్నాను.
చప్పుడుకి మా ఆవిడ లేచొచ్చి
గుమ్మంలో నిలబడి అడుగుతోంది
ఏం కావాలని.